ఆ పిల్ల కూడా తరగతిలో ఉందనుకుని

ఏటా నవంబరు చివర్లో బడుల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. "డిసెంబరు ఒకటిన ఎయిడ్స్ డే కదండీ, మా స్కూలుకొచ్చి పిల్లలకు ఓ గంట చెప్పి వెళ్లండి" అంటారు. వెళ్తాను. ముందు ర్యాలీ. పిల్లలు చొక్కాలకు గుండుసూదులతో ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, బ్యానర్ పట్టుకుని బస్టాండు దాకా నడిచొస్తారు. తర్వాత ఆరు నుంచి పది దాకా అన్ని తరగతుల్నీ వరండాలో కింద కూర్చోబెడతారు. మైకు చేతికిస్తూ హెడ్మాస్టరు గారు మెల్లగా అంటారు: "మరీ డీటెయిల్స్ వద్దండీ, ఆడపిల్లలున్నారు."

పదకొండేళ్ల పాపకూ పదహారేళ్ల అబ్బాయికీ ఒకేసారి, డీటెయిల్స్ లేకుండా, ఒక గంటలో ఎయిడ్స్ గురించి చెప్పగలిగింది ఏముంటుంది? భయపడమని చెప్పొచ్చు. ఏళ్ల తరబడి మన బడుల్లో జరిగింది చాలావరకు అదే. పుర్రె బొమ్మ పోస్టర్లు, "ఎయిడ్స్ అంటే మరణం" అన్న గోడరాతలు చూస్తూ ఒక తరం పెరిగింది. మొదట చర్మ, సుఖవ్యాధుల విభాగంలో, ఆ తర్వాత హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ భయం ఎవరెవరిని ఏం చేసిందో నా ఓపీలోనే చూశాను.

ఒక పదో తరగతి కుర్రాడి సంగతి చెబుతాను. మిర్చి పండించే రైతు కొడుకు. "తిండి మానేశాడండీ, రాత్రిళ్లు నిద్రపోడు, పుస్తకం ముందు కూర్చుంటాడు గానీ పేజీ తిప్పడు" అన్నాడు తండ్రి. తండ్రిని బయట కూర్చోమన్నాక ఆ అబ్బాయి నిక్కరు జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. బడి గోడ మీది పోస్టరు చూసి రాసుకున్న లక్షణాలు: పది శాతానికి మించి బరువు తగ్గడం, నెలకు పైగా జ్వరం, నెలకు పైగా విరేచనాలు. మొదటిదాని పక్కన టిక్కు పెట్టుకున్నాడు. రెండోదాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. రోజూ సాయంత్రం తన నుదురు తనే పట్టుకుని చూసుకుంటున్నాడట.

జరిగింది ఇంతే. నిద్రలో వీర్యం పోవడం మొదలైంది. అది ఎదిగే మగపిల్లల్లో చాలామందికి జరిగేదేనని వాడికి ఎవరూ చెప్పలేదు. ఒక స్నేహితుడు మాత్రం "అది జబ్బురా, చివరికి ఎయిడ్స్‌లోకి దిగుతుంది" అన్నాడు. మన ఊళ్ల గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది చూడండి, ఫలానా లాడ్జిలో ఫలానా వారం సుఖవ్యాధులకు చికిత్స అని, అలాంటి ఒక లాడ్జి వైద్యుడి దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఆయన నాడి పట్టి, పెదవి విరిచి, ఏదో పొడి పొట్లాలు కట్టిచ్చాడు. మిర్చి అమ్మిన డబ్బులో కొంత అలా పోయింది. పొడి వేడిచేసి తిండి సహించలేదు. తిండి లేక చిక్కాడు. చిక్కేసరికి పోస్టరులో రాసిన మొదటి లక్షణం నిజమైంది.

ఆ అబ్బాయికి హెచ్ఐవీ సోకే అవకాశమే లేదు. రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. కూర్చోబెట్టి ఒంట్లో ఈ వయసులో ఏమేం మారుతుందో బొమ్మ గీసి చెబితే సరిపోయింది. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ ఇరవై నిమిషాల మాట ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే వాడి ఏడాది అలా పాడయ్యేది కాదు. ఎయిడ్స్ పాఠానికి ప్రణాళిక వేసేవాళ్లు వైరస్‌తో మొదలుపెడతారు. పిల్లలు తమ ఒంటితో మొదలుపెడతారు. శరీరం గురించి ముందు చెప్పకుండా జబ్బు గురించి చెబితే, ఒంట్లో వచ్చే ప్రతి మార్పూ వాళ్లకు జబ్బులాగే కనిపిస్తుంది.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునెస్కో కలిసి 12 నుంచి 16 ఏళ్ల విద్యార్థుల కోసం, పాఠ్యప్రణాళికలు రాసేవాళ్ల కోసం ఒక సంపుటి తెచ్చాయి. అందులో జబ్బు గురించిన సమాచారం నాలుగు భాగాల్లో ఒకటి మాత్రమే. మిగతావాటిలో తొందరపడకుండా ఆగడం ఎలా, వద్దని చెప్పడం ఎలా, రక్షణ ఎలా అన్నవి ఉన్నాయి. జబ్బు ఉన్నవాళ్లతో ఎలా మెలగాలి, వాళ్లను ఎలా చూసుకోవాలి అన్నదానికి విడిగా ఒక భాగమే ఇచ్చారు. మన దేశంలో 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కలిసి కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. రెండేళ్లు తిరిగేసరికి అందులోని బొమ్మలు చూసి పెద్దలు మండిపడ్డారు. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు 2007లో దాన్ని ఆపేశాయి. వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది. అదే ఏడు యునెస్కో, అప్పటికి ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ చూసి, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడటం లేదని, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యమే చేస్తున్నారని ప్రకటించింది. ఆ బొమ్మల్లో కొన్ని తొమ్మిదో తరగతికి తగినవి కావని నేనూ అనుకుంటాను. బొమ్మలు మార్చుకోవలసింది. పాఠాన్నే తీసి పక్కన పెట్టడం వల్ల నష్టపోయింది పిల్లలే.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఇయ్యన్నీ చెబితే లేనిపోని ఆలోచనలు రావా డాక్టరు గారూ?" అని అడిగారు. ఆయన ఆడపిల్ల తండ్రి. ఆ ప్రశ్న వెనక ఉన్నది ప్రేమే. నేను ఆయనకు జవాబు చెప్పకుండా ఒక డబ్బా తెరిచాను. అంతకు ముందు వారం ఆ బడి పిల్లలతో పేర్లు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాయించి ఆ డబ్బాలో వేయించాం. ఆ చీటీల్లో కొన్ని ఆయనకు చదివి వినిపించాను.

"దోమ కుడితే వస్తుందా?" "తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్నాను, నాకు వచ్చి ఉంటుందా?" "సెలూన్లో అందరికీ ఒకే కత్తి వాడతారు, ఎలా?" "రక్తం ఇస్తే వస్తుందా?" "మా మామయ్యకు ఉందని అమ్మ ఏడుస్తోంది, మామయ్య తిన్న కంచంలో నేను తినొచ్చా?" ఒక చీటీ మీద చిన్న అక్షరాలతో: "ఇష్టం లేకుండా ఎవరైనా బలవంతం చేస్తే ఎవరికి చెప్పాలి?"

ఆ చివరి చీటీ చదివాక సమావేశంలో ఎవరూ మాట్లాడలేదు. ఆ పెద్దాయన కూర్చుని, కాసేపాగి, "చెప్పండి" అన్నారు. ఆలోచనలు అప్పటికే పిల్లల దగ్గర ఉన్నాయి. జవాబులే లేవు. ఆ చీటీ రాసింది ఎవరో తెలుసుకునే ప్రయత్నం అందరి ముందూ చేయకుండా, ఇద్దరు టీచరమ్మలు ప్రతి ఆడపిల్లతోనూ విడివిడిగా మాట్లాడే ఏర్పాటు చేశాం. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసిన టీచరు పోలీసులకు చెప్పి తీరాలన్న సంగతి అక్కడున్న టీచర్లలో చాలామందికి తెలియదు. ఎయిడ్స్ పాఠం చెప్పబోయే టీచరుకు ముందు నేర్పవలసిన వాటిలో ఇది ఒకటి. డబ్బా పెట్టాక అందులోకి ఏమొస్తుందో మన చేతుల్లో ఉండదు.

దోమకు జవాబు తేలికే. దోమ ఒంట్లో ఈ వైరస్ పెరగదు, నశిస్తుంది. కుట్టేటప్పుడు దోమ మనలోకి వదిలేది దాని లాలాజలం, అంతకు ముందు కుట్టినవాళ్ల రక్తం కాదు. ఈ రెండు వాక్యాలు చెబితే ఏడో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. "రాదు" అని ఊరుకుంటే అర్థం కాదు, నమ్మరు కూడా. ఎందుకు రాదో చెప్పాలి. మామయ్య కంచానికి కూడా అంతే.

ఇక నన్ను ఈ వ్యాసం రాయించిన పిల్ల దగ్గరికి వస్తాను.

తొమ్మిదో తరగతి. అమ్మానాన్న ఇద్దరూ పోయారు, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. పుట్టుకతోనే హెచ్ఐవీ ఉంది. హెచ్ఐవీ ఉన్న గర్భిణికి మందులు ఇవ్వకపోతే ఇలా నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. సరైన మందులు వాడితే అది అయిదుకు లోపే ఉంటుంది. ఈ పాప పుట్టినప్పుడు వాళ్లమ్మకు ఆ అవకాశం అందలేదు. మన దేశంలో ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఏడేళ్ల వయసు నుంచి ఈ పాప ఆ మాత్రలు వేసుకుంటోంది. "రక్తం పట్టడానికి బలం మాత్రలు" అని అమ్మమ్మ చెప్పింది. పిల్ల నమ్మింది. చెప్పవలసిన వయసు వచ్చిందని మా కౌన్సెలర్ ఎన్నిసార్లు అన్నా, "నా నోటితో నేను చెప్పలేనయ్యా, దానికి తెలిస్తే బతుకుద్దా?" అని అమ్మమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. బడి ఈడు పిల్లలకు వాళ్ల జబ్బు సంగతి చెప్పాలని, అంతకన్నా చిన్నవాళ్లకు వయసుకు తగ్గట్టు కొద్దికొద్దిగా చెబుతూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. సూచన మంచిదే. కూతుర్నీ అల్లుణ్ణీ చేతులారా సాగనంపిన మనిషి నోట ఆ మాట రావాలంటే మాత్రం కాలం పడుతుంది.

ఒక రోజు అమ్మమ్మ పిల్లను తీసుకొచ్చింది. నడుము ఒక పక్కంతా చుట్టుకుని నీటిపొక్కులు. సర్పి. ఊళ్లో ఎవరో కావి పూశారు. ఎర్రటి పూత కింద పొక్కులు పగిలి ఉన్నాయి. నాలుక మీద తెల్లటి పూత. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల పరీక్ష చేయిస్తే లెక్క బాగా పడిపోయింది. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్న పిల్లకు ఇలా కాకూడదు. సీసా తెప్పించి లెక్కపెట్టాం. మా దగ్గర ప్రతి నెలా అది మామూలే, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి వాడారో లేదో చూస్తాం. లెక్క సరిగ్గా సరిపోయింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. కౌన్సెలర్ ఆ పిల్లను పక్క గదికి తీసుకెళ్లి చాలాసేపు కూర్చుంది. చివరికి ఆ పిల్ల చెప్పింది. రెండు పూటలా మాత్ర తీసి, నోట్లో వేసుకున్నట్టు నటించి, గుప్పిట్లో దాచి, పెరట్లో గోలెం వెనక పడేస్తోంది. నాలుగు నెలలుగా.

నాలుగు నెలల క్రితం బడిలో ఏం జరిగింది? ఎయిడ్స్ పాఠం జరిగింది. చెప్పిన మేడం ఎంతో శ్రద్ధగా చెప్పారు. అది ఎలా వస్తుందో నాలుగు దారులూ బోర్డు మీద రాశారు. నాలుగోది "తల్లి నుంచి బిడ్డకు". దీనికి వాడేవి ఏఆర్‌టీ మందులు అని చెప్పారు. ఆ మూడక్షరాలు ఈ పిల్ల ప్రతి నెలా మా గది తలుపు మీద చదువుతోంది. చివర్లో మేడం అన్నారట: "ఈ మందులు జబ్బును నయం చెయ్యవు, కొన్నాళ్లు వాయిదా వేస్తాయంతే. ఇది వస్తే ఇక మరణమే. అందుకే తప్పుడు పనులు చేయకూడదు."

తనకేముందో, అమ్మానాన్న ఎందుకు పోయారో, ఈ ఊళ్లో తన కుటుంబాన్ని ఎందుకు అలా చూస్తారో, తను ఎప్పుడు పోతుందో ఆ పిల్లకు ఒక్క పీరియడ్‌లో తెలిసిపోయింది. పక్కనున్న స్నేహితురాలితో కలిసి నోట్సు కూడా రాసుకుంది. వాయిదా వేసే మందు ఎందుకు అనుకుంది. కౌన్సెలర్‌ను ఒకే ప్రశ్న అడిగింది: "మా అమ్మ ఏం తప్పు చేసిందక్కా?"

ఆ టీచరు చెడ్డ మనిషి కాదు. ఆమెకిచ్చిన పుస్తకంలో ఉన్నదే చెప్పింది. ఆ పుస్తకం రాసినవాళ్ల మనసులో ఒక తరగతి గది ఉంది. అందులో యాభైమంది పిల్లలు, అందరూ ఆరోగ్యవంతులు, ఎవరి ఇంట్లోనూ ఈ జబ్బు లేదు, అందరినీ దీని నుంచి దూరంగా ఉంచాలి. మన రాష్ట్రాల్లో అలాంటి తరగతి ఉందని అనుకోవడానికి వీల్లేదు. 2021 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్ఐవీ ఉన్నవారు దేశం మొత్తం మీద 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. అంటే ఏ తరగతిలోనైనా ఒక పిల్లవాడి తండ్రో, ఒక పాప మేనత్తో, లేదా ఆ పాపే ఉండవచ్చు. పాఠంలోని ప్రతి వాక్యాన్నీ ఆ పిల్ల రెండో బెంచీలో కూర్చుని వింటోందనుకుని రాయాలి. ఆ పరీక్షకు నిలవని వాక్యాన్ని తీసేయాలి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. "తప్పుడు పనులు" అన్న మాట ఆ పరీక్షకు నిలవదు. "వస్తే మరణమే" అన్న మాట నిలవదు, పైగా అది నిజం కూడా కాదు. రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గుతుంది, అంత తగ్గినవాళ్ల నుంచి భాగస్వామికి సోకదు, మామూలు మనుషుల్లాగే చదువుకుని, ఉద్యోగం చేసి, పెళ్లి చేసుకుని, జబ్బు లేని పిల్లల్ని కంటారు. జబ్బు లేని పిల్లలు కూడా వినవలసిన నిజం అదే కదా.

ఆ పిల్ల కోలుకుంది. సమయం పట్టింది. అమ్మమ్మ, మనవరాలు, కౌన్సెలర్ ముగ్గురూ ఒక గదిలో కూర్చుని దాచిపెట్టిన మాటలన్నీ మాట్లాడుకున్నారు. తర్వాత మాత్రల సీసా లెక్క ఆ పిల్లే చూసుకుంది.

ఇలాంటివి చెప్పినప్పుడు బడుల యాజమాన్యాలు అడిగేది ఒకటుంది: "మా స్కూల్లో అలాంటి పిల్లలు ఎవరున్నారో చెప్పండి సార్, జాగ్రత్త పడతాం." చెప్పను. చెప్పకూడదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలవుతున్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి జబ్బు సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం నిషిద్ధం, ఆ కారణంతో బడిలో చేర్చుకోకపోవడం, వేరుగా కూర్చోబెట్టడం కూడా నిషిద్ధం. చట్టం రాకముందు ఏం జరిగేదో కేరళలో కొల్లం జిల్లాకు చెందిన, హెచ్ఐవీ ఉన్న పిల్లలిద్దరి కథలో దేశమంతా చూసింది. బడి వాళ్లను రానివ్వలేదు. 2003లో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ వెళ్లి అందరి ముందూ ఆ పిల్లల్ని దగ్గరికి తీసుకోవలసి వచ్చింది. పేర్లు అడిగే హెడ్మాస్టర్లకు నేను చెప్పేది, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఒక జత గ్లోవ్స్ పెట్టండి అని. ఏ పిల్లకు మోకాలు చెక్కుకుపోయినా గ్లోవ్స్ వేసుకునే కట్టుకట్టండి, నేల మీద రక్తం పడితే ఎవరిదైనా సరే బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. అందరి రక్తాన్నీ ఒకేలా చూస్తే ఎవరి పేరూ అవసరం లేదు. హెపటైటిస్-బి నుంచి కూడా అదే కాపాడుతుంది.

పాఠం ఏ తరగతిలో పెట్టాలన్నది ఇంకో సంగతి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. పబ్లిక్ పరీక్షల హడావుడిలో చాలాచోట్ల "ఇంట్లో చదువుకోండి" అని దాటేస్తారు. దాటేయకపోయినా అప్పటికే ఆలస్యమైపోయినవాళ్లు ఉన్నారు. గర్భిణుల పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఒక అమ్మాయి నాకు గుర్తుంది. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు, పద్దెనిమిది నిండకముందే లారీ డ్రైవరుకిచ్చి పెళ్లి చేశారు. "ఇది ఎట్టా వచ్చుద్ది సార్?" అని అడిగింది. నిజంగానే తెలియదు. ఆ పాఠం ఆమె చదవని పదో తరగతిలో ఉండిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లని తేలింది. అందుకే ఒంటి మార్పుల గురించి ఆరో తరగతిలో, జబ్బు గురించి ఏడు, ఎనిమిదిలో మొదలుపెట్టి, ఏటా కొంత చొప్పున పెంచుకుంటూ పోవాలంటాను. శరీరం గురించి చెప్పేటప్పుడు అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ వేరువేరుగా కూర్చోబెడితే ప్రశ్నలు బాగా వస్తాయి. జబ్బు గురించి, జబ్బున్నవాళ్లతో మెలగడం గురించి మాత్రం కలిపే చెప్పాలి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలన్నారు, హెచ్ఐవీ నివారణ కూడా అందులో ఒక అంశం. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలంటాను. వాళ్లకు సమాచారం కన్నా ముందు నోరు తెరిచే సాధన కావాలి. శిక్షణలో మొదటి పూట నేను వాళ్లకు ఏమీ చెప్పను. పిల్లల చీటీలే వాళ్లకు పంచి, ఒక్కొక్కరినీ లేచి జవాబు చెప్పమంటాను. తడబడతారు, ఎర్రబడతారు, సాయంత్రానికి కొంత అలవాటవుతుంది.

అలాంటి ఒక శిక్షణలో సాంఘికశాస్త్రం చెప్పే ఒక టీచరమ్మ గట్టి ప్రశ్న వేసింది. "మందులున్నాయి, మామూలుగా బతకొచ్చు అని చెబితే పిల్లలకు భయం పోతుంది కదండీ. భయం పోయాక జాగ్రత్త ఎందుకు పడతారు?"

ఆమెకు ఒక డిగ్రీ విద్యార్థి సంగతి చెప్పాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి రక్షణ లేకుండా ఒకరిని కలిశాడు. బడిలో విన్న పాఠం గుర్తుంది, అందుకే చాలా భయపడ్డాడు. ఆ భయం అతన్ని పరీక్షకు పంపలేదు, దాక్కునేలా చేసింది. "పాజిటివ్ అని తెలిస్తే మాత్రం ఏం చేస్తారు సార్, చావేగా అనుకున్నా" అన్నాడు నాతో. 72 గంటల్లోపు వచ్చి 28 రోజులు మందులు వాడితే సోకకుండా ఆపే అవకాశం ఉందని అతనికి తెలియదు. అది దాటిపోయినా పరీక్ష చేయించుకుని మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఒక్క రోజు కాలేజీ మానవలసిన పని లేకుండా పోయేది. చివరికి ఊపిరితిత్తుల్లో క్షయతో, ముప్పై ఎనిమిది కిలోల బరువుతో, అన్నయ్య భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. భయం అతనిలో ఎన్నడూ తగ్గలేదు. ఆ భయమే అతన్ని ఆసుపత్రికి రానివ్వలేదు.

ఆమె కాసేపు ఆలోచించి, నోట్‌బుక్కు తెరిచి, మా ఊరికి దగ్గర్లో పరీక్ష ఎక్కడ చేస్తారండీ అని అడిగింది. ఏరియా ఆసుపత్రిలో ఐసీటీసీ అనే హెచ్ఐవీ పరీక్షా కేంద్రం ఉంది, ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్క గది, పరీక్షకు డబ్బులు తీసుకోరు, ఫలితం ఎవరికీ చెప్పరు, పద్దెనిమిది నిండనివాళ్లకైతే తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం పెట్టాలి, ఫోన్లో మాట్లాడాలంటే 1097కి చేస్తే ఉచితం అని చెప్పాను. సంతకం సంగతి రెండోసారి అడిగి రాసుకుంది. ఇంట్లో చెప్పలేని పిల్లలకు ఆ సంతకం ఎంత పెద్ద అడ్డంకో అంటూ అక్కడి టీచర్లు అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ రోజు శిక్షణ ఏడింటి దాకా సాగింది.